ముఖం మీద పుట్టుమచ్చలు, గోధుమరంగు మచ్చలు: ఏది ఏదో గుర్తించి ఏం చేయాలి

ముఖం మీద మచ్చ కనపడగానే చాలామంది అడిగేది "ఏం రాస్తే పోతుంది?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది "ఇది ఏ మచ్చ?" అని. పుట్టుమచ్చ ఎన్ని క్రీములు రాసినా పోదు. మంగు మచ్చను తొందరపడి లేజర్‌తో కొట్టిస్తే పోకపోగా ఇంకా నల్లబడవచ్చు. పైకి ఒకేలా కనిపించే రెండు మచ్చల్లో ఒకటి అసలు ముట్టుకోనక్కర్లేనిది, రెండోది ఆలస్యం చేయకూడనిది అయి ఉండవచ్చు.

ఇంకో సంగతి మన ఒంటిరంగుకు సంబంధించింది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు మనలో బాగా చురుగ్గా ఉంటాయి. కాలినా, గీరుకున్నా, గోకినా, ఘాటైన క్రీము మండించినా వెంటనే అక్కడ ఇంకాస్త రంగు పోసేస్తాయి. దోమ కుట్టిన చోట నెలల తరబడి నల్లగా ఉండిపోవడానికి కారణం ఇదే. అందుకే తెల్ల చర్మం వాళ్లకు పనికొచ్చిందని వీడియోల్లో చూపించే పద్ధతి మన ముఖం మీద ఎదురు తిరగవచ్చు. మనకు నెమ్మదిగా, తక్కువ ఘాటుతో చేసేదే మంచి వైద్యం.

ముందు అద్దం, తర్వాత ఫోన్ కెమెరా

పగటిపూట కిటికీ పక్కన, మేకప్ లేకుండా, ముఖం కడుక్కుని కూర్చోండి. ట్యూబ్‌లైటు కింద చూస్తే రంగు తేడాలు సరిగా తెలియవు. ఒక్కో మచ్చను వేలితో తడిమి చూడండి: చర్మంతో సమానంగా ఉందా, పైకి లేచి ఉందా? ఒకటే ఉందా, చాలా ఉన్నాయా? రెండు బుగ్గల మీదా ఒకేలా పరుచుకుందా, ఒక పక్కే ఉందా? ఎప్పటినుంచి ఉంది? ఈ ఏడాదిలో ఏమైనా మారిందా?

తర్వాత ఫొటోలు తీయండి. ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కోటి, అనుమానం ఉన్న మచ్చను మాత్రం పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేయండి. మచ్చ పెరిగిందా లేదా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేం, తేదీ ఉన్న ఫొటో చెబుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కూడా "పెరిగినట్టుంది అండీ" అనే మాట కంటే ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఫొటోలు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఏది ఏ మచ్చ

పుట్టుమచ్చ అంటే రంగు కణాలు ఒకచోట గుంపుగా చేరడం. పేరులో పుట్టుక ఉన్నా చాలావరకు పుట్టాకే వస్తాయి. చిన్నతనం నుంచి ముప్ఫై, నలభై ఏళ్ల దాకా కొత్తవి రావడం మామూలే. గుండ్రంగా, అంచు స్పష్టంగా, రంగు ఒకేలా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ చదునుగా ఉన్నది కొంచెం ఉబ్బి, రంగు తగ్గి మెత్తబడుతుంది. దానిమీద వెంట్రుక మొలిస్తే భయపడేవాళ్లు ఉన్నారు, అది ప్రమాద సూచన కాదు. ఇబ్బందిగా ఉంటే చిన్న కత్తెరతో కత్తిరించుకోండి, పీకవద్దు.

ముప్ఫై దాటాక బుగ్గల మీద, కళ్ల చుట్టూ, కణతల దగ్గర, మెడ మీద ఆవగింజంత నల్లటి గింజలు ఒక్కొక్కటిగా మొదలై పదుల్లోకి వస్తాయి. అమ్మకో నాన్నకో ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. వీటిని చాలామంది పుట్టుమచ్చలనుకుంటారు, కొందరు పులిపిర్లంటారు. నిజానికి ఇవి రెండూ కావు. చర్మం పైపొర అక్కడక్కడా కాస్త మందమవడం వల్ల వచ్చేవి. డాక్టర్లు డీపీఎన్ అని చీటీ మీద రాస్తారు. హాని లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు, క్యాన్సర్‌గా మారవు. మన ప్రాంతంలో "ముఖం మీద చిన్న చిన్న పుట్టుమచ్చలు ఎక్కువయ్యాయి" అంటూ స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామందికి ఉండేవి ఇవే.

వైరస్ వల్ల వచ్చే పులిపిర్లు వేరు. పైన గరుకుగా ఉంటాయి, గోకితే, షేవింగ్ చేస్తే ఆ గీత వెంట వరసగా కొత్తవి పుట్టుకొస్తాయి. గడ్డం ప్రాంతంలో ఇలాంటివి ఉన్న మగవాళ్లు అవి తగ్గేదాకా బ్లేడు మానేసి ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవాలి. వాళ్ల రేజర్, తువ్వాలు ఇంకొకరు వాడకూడదు.

మంగు మచ్చలు పూర్తిగా వేరే కథ. చదునుగా, గోధుమరంగులో, రెండు బుగ్గల మీదా దాదాపు ఒకే ఆకారంలో పరుచుకుంటాయి. నుదురు, ముక్కు, పై పెదవి పైన కూడా వస్తాయి. ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, కుటుంబ లక్షణం — ఈ నాలుగూ ముఖ్య కారణాలు. ఆడవాళ్లలో ఎక్కువే కానీ పొలంలో, రోడ్డు మీద పనిచేసే మగవాళ్లకు కూడా బాగానే వస్తుంది. గర్భంలో వచ్చిన మంగు కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలామందికి తనంతట తానే పలచబడుతుంది. అప్పటిదాకా ఎండ నుంచి కాపాడుకుంటూ ఓపిక పట్టడమే సరైన వైద్యం.

మొటిమ మానిన చోట మిగిలే గోధుమ మచ్చను గుర్తుపట్టడం తేలిక, అంతకుముందు అక్కడ మొటిమ ఉండటం మీకు గుర్తుంటుంది. కొత్త మొటిమలు ఆగితే ఇవి నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. ఒంటిరంగు కాస్త తెలుపు ఉన్నవాళ్లకు ఎండ తగిలే చోట చిన్న చిన్న చుక్కలు, వయసు మళ్లినవాళ్లకు ఎండ వల్ల వచ్చే చదునైన గోధుమ మచ్చలు ఉంటాయి. రెండూ హాని లేనివే.

ఇప్పుడు చెప్పబోయే మూడింటిని చాలామంది పట్టించుకోరు. ఒకటి: మెడ వెనక, కణతల దగ్గర, నుదుటి పక్కన చర్మం నల్లబడి మఖమల్ గుడ్డలా మందంగా తయారవడం, వాటితోపాటు మెడ మీద చిన్న చిన్న తోలు కాడలు వేలాడటం. ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం చెబుతున్న మాట. క్రీము కొనే డబ్బుతో ముందు షుగర్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించుకోండి, నడుం చుట్టుకొలత తగ్గించే పని పెట్టుకోండి. బరువు తగ్గితే నలుపు కూడా తగ్గుతుంది.

రెండోది తగలకూడనిది తగలడం వల్ల వచ్చే నలుపు. బొట్టు పెట్టుకునే చోట, పాపిటలో కుంకుమ పడే చోట, జుట్టుకు రంగు వేసుకున్నాక నుదుటి అంచున, చెవుల ముందు దురదతో గానీ, దురద లేకుండా గానీ నలుపు వస్తుంటే అనుమానించాల్సింది ఆ కుంకుమలోని రంగునూ, హెయిర్ డైనూ. స్టిక్కర్ బొట్టు జిగురు కొందరికి ఆ చోటును తెల్లగా కూడా చేస్తుంది. ఇక్కడ వాడే వస్తువు మార్చకుండా ఏ మందు రాసినా ఫలితం ఉండదు. మూడోది ముఖానికి ఒకే పక్కన, కంటి చుట్టూ నీలం, బూడిద కలిసిన రంగులో పుట్టుక నుంచో, యుక్తవయసు నుంచో ఉండే మచ్చ. దీనికి క్రీములు పనిచేయవు, లేజర్ బాగానే పనిచేస్తుంది. కానీ ముందు కంటి డాక్టరుతో కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

వీటికి ముందు డాక్టరు, తర్వాతే మిగతావి

మన చర్మానికి పుట్టుమచ్చ క్యాన్సర్ (మెలనోమా) అరుదు. అరుదు కదా అని చూడకుండా వదిలేయడం మాత్రం తప్పు. మచ్చలో ఒక సగం ఇంకో సగంలా లేకపోవడం, అంచులు గజిబిజిగా ఉండటం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, తెలుపు కలిసి కనిపించడం, 6 మిల్లీమీటర్లు దాటడం, అన్నిటికంటే ముఖ్యంగా వారాల్లో, నెలల్లో మారుతూ ఉండటం — వీటిలో ఏది ఉన్నా చూపించుకోండి. దానంతట అది రక్తం కారడం, చెక్కు కట్టి ఊడి మళ్లీ కట్టడం, మిగతా మచ్చలన్నిటికీ భిన్నంగా ఒకటే విడిగా కనపడటం కూడా అంతే.

యాభై, అరవై దాటిన పెద్దవాళ్ల విషయంలో ఇంకాస్త శ్రద్ధ కావాలి. ముక్కు పక్కన, కనురెప్ప దగ్గర, బుగ్గ మీద నల్లగా మెరుస్తూ గట్టిగా ఒక గింజ వచ్చి, మధ్యలో పుండు పడి నెల దాటినా మానకపోతే అది బేసల్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ కావచ్చు. మనవాళ్లలో ఇది చాలాసార్లు నల్లగానే ఉంటుంది, అందుకే పుట్టుమచ్చ అనుకుని ఏళ్లు గడిపేస్తారు. నెమ్మదిగా పెరుగుతుంది, ఒంట్లో మిగతా భాగాలకు పాకడం చాలా అరుదు, తొందరగా తీసేస్తే పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే ముక్కును, కనురెప్పను తినేస్తుంది. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో ఇలాంటిది ఉంటే ఈ వారమే తీసుకెళ్లండి. అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కొత్తగా వచ్చిన నల్ల మచ్చనూ, గోటిలో వెడల్పు అవుతున్న నల్ల గీతనూ కూడా ఆలస్యం చేయకుండా చూపించండి. మనలాంటి చర్మానికి మెలనోమా వచ్చినప్పుడు ఎక్కువగా కనపడేది ముఖం మీద కాదు, అక్కడ.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డీఎన్‌బీ చర్మవ్యాధులు చేసినవాళ్ల దగ్గరికి. "స్కిన్ క్లినిక్" అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపల ఆ డిగ్రీ ఉందని కాదు, పేరు కింద చూడండి. డబ్బు ఇబ్బంది ఉంటే హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి రుయా లాంటి బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. వరస పెద్దదే, ఉదయం తొందరగా వెళ్లాలి. అయినా మచ్చను చూసే కళ్లు అక్కడివాళ్లకు బాగా అలవాటుపడి ఉంటాయి.

ఈరోజే ఆపేయాల్సినవి

సున్నం, బట్టల సోడా కలిపి పుట్టుమచ్చ మీద పెట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అది క్షారం, చర్మాన్ని లోపలి పొర దాకా కాల్చేస్తుంది. మచ్చ పోయినట్టే ఉంటుంది, దాని స్థానంలో గుంట గానీ, ఉబ్బిన మచ్చ గానీ జీవితాంతం మిగులుతుంది. కంటి దగ్గర పెడితే కంట్లోకి జారే ప్రమాదం వేరే. నల్ల జీడి రసం కూడా అంతే, చుట్టుపక్కల చర్మమంతా బొబ్బలెక్కుతుంది. అగరుబత్తితో చురక పెట్టడం, దారం గానీ గుర్రపు వెంట్రుక గానీ బిగించి కట్టడం, ఆన్‌లైన్‌లో దొరికే "మచ్చలు తీసే పెన్ను"తో ఇంట్లో కాల్చుకోవడం — ఇవేవీ వద్దు. వీటన్నిట్లోనూ మచ్చ నాశనమైపోతుంది కాబట్టి అది ఏ రకందో పరీక్షించే దారి కూడా మూసుకుపోతుంది. నాకు దీనిమీదే ఎక్కువ బాధ.

నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే నిమ్మలోని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాల్చి కొత్త నల్ల చారలు పెడతాయి. టూత్‌పేస్టు, వంటసోడా, వెల్లుల్లి ముద్ద మండించి వదిలేస్తాయి. శనగపిండి, పెరుగు లాంటివి ముఖం కడుక్కోవడానికి వాడితే నష్టం లేదు, మచ్చ పోతుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

అసలు పెద్ద నష్టం మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే తెల్లబరిచే ట్యూబులతో జరుగుతోంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ ఈ మూడూ కలిసిన క్రీము మంగుకు నిజంగానే మందు. డాక్టరు చెప్పిన కొద్ది వారాలు, రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే రాయాల్సిన మందు. దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా ముఖమంతా, నెలలకు నెలలు రాసుకునేవాళ్లు ఉన్నారు. మొదటి నెలలో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు, సన్నటి వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు, అందుకని మళ్లీ రాయాల్సి వస్తుంది. మీ ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, ఫ్లూటికాసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చదవండి. కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. షాపులో ఇస్తున్నారంటే అది సురక్షితమని కాదు. ఇప్పటికే నెలలుగా వాడుతున్నట్లయితే ఆ ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, మాన్పించే పద్ధతి వాళ్లు చెబుతారు.

తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేని క్రీములు ఇంకా ప్రమాదం. వాటిలో పాదరసం ఉండే అవకాశం ఉంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. ముఖానికి రాసింది కిడ్నీకి చేరుతుందంటే చాలామంది నమ్మరు, కానీ పాదరసం చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. తెల్లబడటానికని పార్లర్లలో, క్లినిక్‌లలో ఎక్కించే గ్లూటాథయోన్ ఇంజెక్షన్లకు మన దేశంలో ఆ పనికి ఆమోదం లేదు.

ఎండను ఆపకుండా మచ్చ ఆగదు

మంగు, మొటిమ మచ్చలు, ఎండ మచ్చలు — ఈ మూడింటికీ సగం వైద్యం సన్‌స్క్రీన్. మిగతా పూతలన్నీ దాని తర్వాతే. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ, పీఏ+++ (యూవీఏ కిరణాలను ఆపే శక్తికి గుర్తు) ఉన్నది తీసుకోండి. మంగు ఉంటే మాత్రం ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ వెతకండి. మంగును అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. తెల్లగా పూసినట్టు కనిపించే బాధ కూడా దీంతో తప్పుతుంది.

ఎంత రాయాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా ట్యూబు పిండితే వచ్చేంత, ముఖానికీ మెడకూ కలిపి. శనగగింజంత రాస్తే డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్‌లో చాలా కొంచెమే దక్కుతుంది. బయటికి వెళ్లే 15 నిమిషాల ముందు రాయండి. బయట ఉన్నంతసేపు రెండు, మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. చెమట తుడుచుకుంటే అదీ పోతుంది, కాబట్టి తుడుచుకున్నాక మళ్లీ. బండి మీద వెళ్లేవాళ్లు పలచటి చున్నీ చుట్టుకుంటే సరిపోదు, దాని కింద సన్‌స్క్రీన్ కూడా ఉండాలి. కారు పక్క అద్దాల నుంచి, ఆఫీసు కిటికీ నుంచి కూడా యూవీఏ కిరణాలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, ఖమ్మం, రామగుండం ఎండలో ఉదయం పది నుంచి నాలుగు దాకా బయట తిరగకుండా ఉండగలిగితే ఏ క్రీమూ ఇవ్వనంత లాభం. పొలం పనికి, ఉపాధి పనికి వెళ్లేవాళ్లకు అది కుదరదు. వాళ్లకు వెడల్పు అంచు టోపీ, తలపాగా, పైట కొంగు నిండుగా కప్పుకోవడమే మొదటి రక్షణ.

రాత్రి పూతలు: మంగుకు, మొటిమ మచ్చలకు

ఇంట్లో మొదలుపెట్టడానికి నేను ముందుగా చెప్పేది అజిలాయిక్ యాసిడ్. 10 శాతంతో మొదలుపెట్టి, పడితే డాక్టరు సలహాతో 20కి వెళ్లవచ్చు. గర్భిణులకు కూడా ఇది సురక్షితమనే పరిగణిస్తారు. అయినా మీ గైనకాలజిస్టుకు ఒక మాట చెప్పి రాయండి. ముందు చెవి వెనక గానీ దవడ కింద గానీ మూడు రాత్రులు రాసి చూడండి. మంట, ఎరుపు రాకపోతే ముఖానికి రోజు విడిచి రోజు, తర్వాత రోజూ. మొదట్లో కాస్త చిమచిమ ఉంటుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. నాలుగైదు శాతం నియాసినమైడ్ కూడా చర్మాన్ని మండించకుండా పనిచేస్తుంది. రెండిటితోపాటు ఒక మాయిశ్చరైజరు చాలు. ఒకేసారి నాలుగు సీరమ్‌లు మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు, చర్మం మండి కొత్త నలుపు వస్తుంది.

ఫలితం కోసం కనీసం రెండు, మూడు నెలలు ఆగాలి. రంగు చర్మంలో లోతుగా దిగి ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఫొటోలు ముందే తీసుకోమన్నది ఇందుకే: రోజూ అద్దంలో చూస్తే తేడా కనపడదు.

మూడు నెలలకు మార్పు లేకపోతే డాక్టరు హైడ్రోక్వినోన్ లాంటివి పరిమిత కాలానికి రాస్తారు. ఏళ్ల తరబడి వాడితే అదే చర్మాన్ని నీలం కలిసిన నలుపుగా మార్చే ప్రమాదం ఉంది, కాబట్టి గడువు దాటించకండి. గర్భం ఉన్నా, ప్రయత్నంలో ఉన్నా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ రెండూ వద్దు. మొండి మంగుకు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు కూడా ఇస్తారు. ఇవి రక్తం గడ్డకట్టే తీరు మీద పనిచేసే మందు. కాలిలో, ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చిన చరిత్ర ఉన్నా, పక్షవాతం, గుండెపోటు వచ్చి ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా తప్పకుండా చెప్పాలి. స్నేహితురాలి చీటీ చూసి కొనుక్కునే మందు కాదిది.

మంగుకు లేజర్ గురించి ఒక మాట. ప్రకటనల్లో అదే మొదటి వైద్యంలా కనిపిస్తుంది. నిజానికి పూతలు, సన్‌స్క్రీన్ పనిచేయనప్పుడు ఆలోచించాల్సింది, అదీ తక్కువ శక్తితో. చేయించుకున్నాక మళ్లీ రావడం మామూలే. ఆరు సిట్టింగ్‌ల ప్యాకేజీ డబ్బు ముందే కట్టమంటే ఒప్పుకోకండి.

తీయించుకోవాలనుకుంటే

చిన్నగా, చదునుగా, ఏళ్లుగా మారకుండా ఉన్న పుట్టుమచ్చను వదిలేయమనే నా సలహా. చదునైన మచ్చను తీయాలంటే కోసి కుట్టాలి, దాని గుర్తు ఎంతో కొంత మిగులుతుంది. ఉబ్బి షేవింగ్‌లో తెగుతున్నదీ, కళ్లద్దాల ఫ్రేము ఒరుసుకుంటున్నదీ, మీ మనసుకు నిజంగా బాధగా ఉన్నదీ తీయించుకోవచ్చు. పుట్టుమచ్చ అదృష్టమనీ, తీస్తే అరిష్టమనీ ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్లతో వాదించనక్కర్లేదు. కానీ పైన చెప్పిన ప్రమాద లక్షణాలు ఉన్న మచ్చ విషయంలో ఆ నమ్మకానికి చోటివ్వకండి.

ఒక చిన్న పని ముందే చూసుకోండి. మన పదో తరగతి మెమోలో గుర్తింపు చిహ్నాలుగా పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. మీరు తీయించుకునేది వాటిలో ఒకటైతే, ముందు తీసిన ఫొటోనూ డాక్టరు ఇచ్చే చికిత్స కాగితాన్నీ భద్రంగా ఉంచుకోండి. ఉద్యోగ పరీక్షలో, పాస్‌పోర్టు దగ్గర ఎవరైనా అడిగితే చూపించవచ్చు.

డీపీఎన్ గింజలకు సాధారణంగా చేసేది ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) లేదా కాటరీ, అంటే కరెంటు వేడితో కాల్చడం. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీము పూసి 45 నిమిషాల నుంచి గంట ఆగుతారు, తర్వాత సన్నటి సూది కొనతో గింజను పైపైన కాలుస్తారు. చిన్న చురుకు తప్ప పెద్ద నొప్పి ఉండదు. లోతుగా కాలిస్తే గుంట పడుతుంది, అందుకే పైపైనే చేసి, అవసరమైతే రెండోసారి చేయడం తెలిసినవాళ్ల పద్ధతి. చాలా ఉంటే మొదట దవడ పక్కన రెండు, మూడు మాత్రమే చేయించుకుని ఆరు వారాలు ఆగండి. నల్ల మచ్చలు మిగలకపోతే మిగతావి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి మన ముఖాలకు నాకు ఇష్టం లేదు, రంగు కణాలు చలికి తొందరగా చచ్చి తెల్ల మచ్చలు మిగులుతాయి.

ఉబ్బిన పుట్టుమచ్చను బ్లేడుతో చర్మం మట్టానికి చెక్కుతారు, లేదా పూర్తిగా కోసి కుట్లు వేస్తారు. ముఖం మీద కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు. తీసిన ముక్కను బయాప్సీకి, అంటే మైక్రోస్కోపు కింద పరీక్షకు పంపుతారా అని అడగండి. అనుమానం ఏ కొంచెం ఉన్నా పంపాల్సిందే. లేజర్‌తో కాల్చేస్తే పరీక్షించడానికి ముక్క మిగలదు, కాబట్టి అనుమానం ఉన్న మచ్చకు లేజర్ వద్దని మీరే గట్టిగా చెప్పండి.

డాక్టరుకు మీరు చెప్పాల్సినవి: గాయమైతే ఉబ్బెత్తు మచ్చ వచ్చే తత్వం ఉందా, షుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, పేస్‌మేకర్ ఉందా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నారా, పెదాల దగ్గర తరచూ నీటి పొక్కులు (హెర్పిస్) వస్తాయా. మీరు అడగాల్సినవి: చేసేది డాక్టరా, టెక్నీషియనా? సూది కొన కొత్తదా? మొత్తం ఖర్చు మచ్చకింతనా, సిట్టింగ్‌కింతనా? పార్లర్‌లో సరిగా శుద్ధి చేయని సూదితో మచ్చలు తీయించుకుంటే హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదం ఉంది. ఇక పెళ్లి ముహూర్తం దగ్గర పడ్డాక ఈ పని పెట్టుకోకండి, కనీసం మూడు నెలలు చేతిలో ఉండాలి.

తీసిన తర్వాత

కాల్చిన చోట నల్లటి చిన్న పెచ్చు కడుతుంది. ఐదు నుంచి పది రోజుల్లో తనంతట తానే రాలిపోతుంది. గోటితో గిల్లితే అక్కడ గుంటో నల్ల మచ్చో ఖాయం. మరుసటి రోజు నుంచి మెత్తటి సబ్బుతో ముఖం కడుక్కుని అద్ది తుడుచుకోండి, డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు రెండు పూటలా పలచగా రాయండి. పసుపు, కొబ్బరినూనె, డెటాల్ వద్దు. పెచ్చు రాలేదాకా మేకప్, బ్లీచ్, ఫేషియల్ కూడా వద్దు. రాలాక కింద చర్మం గులాబి రంగులోనో, కాస్త గోధుమరంగులోనో ఉంటుంది. అది కొన్ని వారాల్లో మిగతా చర్మంలో కలిసిపోవాలంటే సన్‌స్క్రీన్ ఒక్క రోజు కూడా మానకూడదు. రెండు నెలలకూ నలుపు తగ్గకపోతే అజిలాయిక్ యాసిడ్ మొదలుపెట్టమంటారేమో డాక్టరును అడగండి.

చీము, పెరిగే నొప్పి, చుట్టూ ఎరుపు పాకడం, జ్వరం ఉంటే తదుపరి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు వెళ్లండి. గాయం మానాక అక్కడ గట్టిగా, దురదగా ఉబ్బడం మొదలైతే అది ఉబ్బెత్తు మచ్చకు ఆరంభం, తొలి వారాల్లోనే ఇంజెక్షన్ వేయించుకుంటే అణుగుతుంది. డీపీఎన్ గింజలు తీసిన చోట కాకుండా పక్కన కొత్తవి వస్తూనే ఉంటాయి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ తీయించుకోవాల్సి రావచ్చు. చెక్కి తీసిన పుట్టుమచ్చ చోట కొన్ని నెలల తర్వాత మళ్లీ రంగు కనిపిస్తే పాత బయాప్సీ రిపోర్టు తీసుకుని వెళ్లండి. ఒకసారి తీసి మళ్లీ మొలిచిన పుట్టుమచ్చ మైక్రోస్కోపు కింద కాస్త తేడాగా కనపడుతుంది, పాత రిపోర్టు పక్కన ఉంటే డాక్టరు అనవసరంగా కంగారుపడకుండా సరిగ్గా చదవగలుగుతారు.